సలహాదారు తోలుకొచ్చిన ఆవు

మా తమ్ముడి కొడుకుని వీధిలో అందరూ సలహాదారు అంటారు. పని తప్ప అన్నిటి మీదా వాడికి ఒక అభిప్రాయం ఉంది. పుట్టగానే ఏడవడం మానేసి, బొడ్డు ఎక్కడ కొయ్యాలో మంత్రసానికి చెప్పాడు. నేను పక్కగదిలోనే ఉన్నాను కాబట్టి మీరు నమ్మాల్సిందే.

వాడి భార్య, అంటే మా కోడలు, నాలుగేళ్ళ కిందట ఒక ఆవుని కొంది. ఆ రోజు మూసుకున్న ముక్కుని వాడు మళ్ళీ తెరవలేదు, ఆ ఆవు పాలతో టీ తాగేటప్పుడు తప్ప. కొట్టం వైపు కిటికీకి మేకులు కొట్టించాడు. ఆవిడ పేడ తీసి, కుడితి పెట్టి, పొదుగు కడిగి, పాలు పితికి, క్యాను సైకిలుకి కట్టుకుని పాలకేంద్రానికి వెళ్ళొచ్చేసరికి, ఈయనగారు పక్క మీద నుంచే "ఇల్లంతా గొడ్ల కంపు" అని సెలవిచ్చేవాడు.

ఒక ఆవు రెండయింది. కారే కప్పు పోయి కొత్త కప్పు వచ్చింది. సబ్బుబిళ్ళ కోసం కూడా మొగుడి ముందు నిలబడాల్సిన అవసరం కోడలికి తప్పింది. అదే వాడికి కాలింది. అడిగేవాళ్ళు ఉంటేనే కదా, లేదు పొమ్మనడంలో ఉన్న దర్జా!

ఒకరోజు పాలకేంద్రానికి వెళ్ళి, "రైతుని నేను, మా ఆవిడ ఊరికే సాయం చేస్తుంది" అని గుమాస్తాకి చెప్పి, సభ్యత్వం కార్డు తన పేరుకి మార్చమని అర్జీ ఇచ్చొచ్చాడు. కార్డు ఎవరి పేరున ఉంటే పాలడబ్బులు వాళ్ళ చేతికే వెళతాయి. పశువుల డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసి సంతకం పెడితే మారుస్తానన్నాడు గుమాస్తా.

కోడలు నా దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, ఆ కార్డు పోతే మళ్ళీ ప్రతిదానికీ చెయ్యి చాచాలి నేను. మీరొక మాట చెప్పరూ?"

చెప్పాను. "ఒరేయ్, పాలు పితికేది ఆ పిల్లరా."

"పితకడం ఎవరైనా పితుకుతారు పెదనాన్నా. నడిపించేది బుర్ర" అని తల తడుముకున్నాడు. ఉందో లేదో చూసుకున్నాడు కాబోలు.

డాక్టరమ్మ వచ్చే రోజు మధ్యాహ్నం కోడల్ని కొట్టంలో కూర్చోబెట్టి, "నువ్వు నోరెత్తకు, అంతా నేను చూసుకుంటా" అన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు, సెంటు పూసుకున్నాడు. సగం వీధి గోడ మీద చేరింది. నేనైతే కుర్చీ తెచ్చుకున్నాను.

"ఏవీ ఆవులు?" అంది డాక్టరమ్మ.

"మేతలో ఉన్నాయండీ. ఇప్పుడే తోలుకొస్తా."

వీధి చివరి పచ్చికలో మా వాళ్ళందరి ఆవులూ కలిపి పన్నెండు మేస్తాయి. వాటిలో ఎర్రవి ఐదు, అందులో రెండు మా కోడలివి. నాలుగేళ్ళుగా మనవాడు ముక్కుతోపాటు కళ్ళు కూడా మూసుకున్నాడని అప్పుడు బయటపడింది. వెళ్ళి, అన్నిట్లోకీ బలిసి నిగనిగలాడేదాన్ని ఎంచి, తాడు పట్టుకుని ఊరేగింపుగా తీసుకొచ్చాడు. అది దర్జీ భార్య ఆవు. రెండేళ్ళ కిందటే వట్టిపోయింది. పనీపాటా లేక ఒళ్ళు చేసింది. వాడూ అదీ పక్కపక్కన నిలబడితే ఒకటే పోలిక.

దర్జీ భార్య నోరు తెరవబోతే నేను చెయ్యెత్తి ఆపాను. ఈ వయసులో నాకు వినోదాలు తక్కువ.

డాక్టరమ్మ పొదుగు పట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"ఇది పాలిస్తుందా?"

"కేంద్రానికి పోసేవన్నీ దీని పాలేనండీ, పూటకి ఆరు లీటర్లు! కిటుకంతా మేపడంలో ఉంది."

"ఇది ఎప్పుడో ఎండిపోయిన పొదుగు. చుక్క కూడా రాదు. మరి మీరు రోజూ కేంద్రానికి పోస్తున్న పాలెక్కడివి? పాలపొడి కలిపి తయారు చేస్తున్నారా?" ఆవిడ కలం తీసింది. "కల్తీ అని రాశానంటే కార్డు రద్దయిపోతుంది. ఈ ఇంటి పాలు ఇంకెవరూ ముట్టుకోరు. నిజం చెప్పండి."

వాడి ముందు రెండే దారులు. మా ఆవు ఏదో నాకు తెలియదని ఒప్పుకోవడం ఒకటి, దొంగ అనిపించుకోవడం ఒకటి. ఎంతసేపు ఆలోచించాడనుకున్నారు? తుమ్మడానికి పట్టేంత సేపు కూడా కాదు.

"ఏదో... కాస్త కలుపుతామండీ. అందరూ చేసేదే కదా" అన్నాడు.

చూశారా! తెలివితక్కువవాడు అనిపించుకోవడం కన్నా పెళ్ళాం నాలుగేళ్ళ కష్టాన్ని మట్టిపాలు చెయ్యడం వాడికి తేలికయింది. గాడిదల్ని నేను చాలానే చూశాను. పాపం, అవి ఇస్త్రీ చొక్కాలు తొడగవు.

కొట్టం తలుపు దభీమని తెరుచుకుంది. కార్డు లాక్కుంటుంటే పళ్ళబిగువున ఓర్చుకున్న మనిషి, పాలని అంటే ఓర్చుకోలేకపోయింది.

"ఎవరు కలిపింది? నా పాలలో చుక్క కలిసిందని ఇంకోసారి అను, చూస్తా!" డాక్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, అది దర్జీ వాళ్ళ ఆవు. మా ఆవు ఏదో ఈయనకి తెలియదు. కొట్టంలో ఒక్కనాడు కాలు పెట్టిన మనిషి కాదు."

వీధిలోకి వెళ్ళి గొంతెత్తి పిలిచింది. ఆ పిలుపుకి పక్క ఊరి పోస్టుమాన్ కూడా సైకిలు దిగి పరిగెత్తుకొచ్చాడంటే మీరు నమ్మరు. పోనీ, ఎర్రావులు రెండూ వచ్చాయి, అదైనా నమ్మండి. మొదటిదాని పొదుగు కడిగి, పీట వేసుకుని కూర్చుంది. చెయ్యి పడగానే ఆవు చేపింది. చెంబులో పాలధార చప్పుడు గోడ మీదివాళ్ళ దాకా వినిపించింది.

డాక్టరమ్మ పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు ముంచి చూసి తలూపింది. అర్జీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టింది.

"కార్డు మీ పేరునే ఉంటుందమ్మా. సాయం చేసేవాళ్ళ పేరు రాయడానికి ఇక్కడొక గడి ఉంది. ఈయన పేరు రాయనా?"

కోడలు మొగుణ్ణి పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది.

"వద్దండీ. ఆవులు బెదురుతాయి."

గోడ మీద నవ్వులు ఇంకా ఆగనే లేదు, దర్జీ భార్య వచ్చి వాడి చేతిలోంచి తాడు లాక్కుంది. వాడు ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. కోడలు అటు చూడలేదు. పీట రెండో ఆవు దగ్గరికి జరుపుకుంది. కేంద్రం మూసేలోపు అది కూడా పితకాలి మరి.