గోధుమ కొరికిన ఎడమకాలి చెప్పు

నేను ఒక ఎడమకాలి చెప్పును. నాకు జత ఉన్నా, దానికి నా ఎత్తు లేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు పొట్టిదైపోయిన సుభాషిణి టీచరు కోసం విజయనగరంలో సన్యాసి అనే పనివాడు ఆమె పాదాన్ని మూడుసార్లు కొలిచి, రెండంగుళాల అట్ట వేసి నన్ను కుట్టాడు. నన్ను తొడుక్కున్న రోజున ఆమె గోడ పట్టుకోకుండా బడి వరండా చివరిదాకా నడిచింది.

రెండేళ్లకు ఆ ఇంటికి గోధుమ అనే కుక్కపిల్ల వచ్చింది. టీచరు బడికీ, ఆమె భర్త దాలినాయుడు ఆఫీసుకూ వెళ్లిపోతే సాయంత్రం దాకా అది ఒంటరిగా ఉండేది. మొదట కుర్చీకాలు కొరికింది, తరువాత దిండు చీల్చింది. దాలినాయుడు వచ్చి కేకలు వేసేవాడు. పొద్దున చేసిన పనికి సాయంత్రం తిట్లెందుకో దానికి అర్థం కాలేదు. ఆయన వస్తే మంచం కింద దూరడం మాత్రం నేర్చుకుంది.

ఒక సోమవారం నేను దాని నోట పడ్డాను. పట్టీ తెగింది, మడమ సగం పోయింది. సుభాషిణి నన్ను ఒళ్లో పెట్టుకుని తెగిన పట్టీని మడమకు ఆనించి చూసింది. కొత్తది కుట్టడానికి పది రోజులు పడుతుంది.

“రేపు దీన్ని ఊరవతల వదిలీసి వస్తాను,” అన్నాడు దాలినాయుడు.

“నడవలేనిది నేను కదండీ, నాకే కోపం లేదు. ముందు డాక్టరమ్మకి చూపిద్దాం.”

పశువుల డాక్టరు హైమావతి కుక్క పళ్లు చూసింది, నన్నూ తిప్పి చూసింది. ఈ వయసు కుక్క కొరక్కుండా ఉండలేదనీ, ఒంటరిగా, తోచక ఉంటే మరీ కొరుకుతుందనీ చెప్పింది. ఆడుకోవడానికి ఏమిస్తున్నారని అడిగింది. పాత చెప్పులు, అన్నాడు దాలినాయుడు.

“ఏది పాతదో ఏది కొత్తదో దానికేటి తెలుస్తాది బాబూ?”

అయితే ఏం చేయాలో దాలినాయుడే అడిగి తెలుసుకున్నాడు.

మర్నాటి నుంచి చెప్పులన్నీ బీరువాలోకి చేరాయి. తెల్లవారగానే ఆయనే గోధుమను చెరువుగట్టు దాకా నడిపించేవాడు. కుక్కల కోసమే చేసిన గట్టి రబ్బరు బొమ్మ తెచ్చాడు. ఏదైనా కొరుకుతూ కనబడితే అరవకుండా ఆ బొమ్మ అందించి, పట్టుకోగానే మెచ్చుకునేవాడు. మధ్యాహ్నం పక్కింటి పెద్దావిడ కాసేపు వచ్చి దాని దగ్గర కూర్చునేది. మధ్యలో ఒక చీపురు గోధుమ నోట పడింది. రెండు నెలలకు ఇల్లు కుదుటపడింది. దాలినాయుడు గేటు తీస్తే గోధుమ ఎదురు రావడం మొదలుపెట్టింది.

కొత్త చెప్పు వచ్చాక కూడా నన్ను కొన్నాళ్లు అటక మీద ఉంచారు. నిన్న ఇల్లు సర్దుతూ దాలినాయుడు నన్ను చెత్తబండి దగ్గరకు తెచ్చాడు. బండి తోసే ఆవిడ నన్ను అందుకుని చూసింది.

“కుక్క పాడుసేసిందేటి బాబూ?”

“కొరికింది కుక్కే,” అన్నాడాయన. “పాడుచేసింది మేం.”