కుర్చీలు దిగిన బ్యాండు సెట్టు

రామక్కకు తన మీద తనకు ఎంత నమ్మకమంటే, కబ్బన్ పార్కు బ్యాండ్‌స్టాండ్ మెట్లెక్కుతూ కూడా ఆవిడ దేవుడికి ఒక్క దండం పెట్టుకోలేదు. కాటన్‌పేటలో పుట్టింది. మగపిల్లలు లేని తండ్రి దగ్గర క్లారినెట్ నేర్చుకుంది. ఆయన పోయాక ఆయన బ్యాండు సెట్టును గుప్పిట్లో పెట్టుకుని, ఇన్నేళ్లుగా ఎవరెవరి పెళ్లికొడుకుల్నో కల్యాణమంటపాలకు చేర్చింది. అలాంటి మనిషికి పార్కులో వాయించడం ఒక లెక్కా?

ఆ ఎనిమిది మూలల మంటపం తెల్లదొరల కాలంనాటిది. ఒకప్పుడు పటాలం బ్యాండు అక్కడ వాయిస్తుంటే దొరసానులు గొడుగులేసుకుని వినేవారట. ఇప్పుడు ఆదివారం పొద్దున అక్కడ కచేరీలు పెడితే కుక్కల్ని తిప్పడానికొచ్చినవాళ్లూ, పరుగులు తీసి అలిసినవాళ్లూ, పిల్లల్ని ఆడించేవాళ్లూ చుట్టూ చేరతారు. ఈ కచేరీ చూసుకునేది శ్రుతి అనే గుంటూరు అమ్మాయి. ఏదో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. ఒక పెళ్లిలో రామక్క క్లారినెట్ విని, వెంటపడి మరీ ఒప్పించింది.

రామక్క ఒప్పుకున్నది మాత్రం శ్రుతి కోసం కాదు, హరి కోసం. హరి ఆవిడ చిన్నమ్మ కొడుకు, సెట్టులో పెద్ద డ్రమ్ము వాడిదే. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది, సోమవారం నుంచి పోతానని వారం కిందట నెమ్మదిగా చెప్పాడు. పెళ్లిళ్లలో డీజేలు వచ్చి పడ్డాయి, మనల్ని పిలిచేది పెళ్లికొడుకు కారు దిగి లోపలికి పోయేదాకానే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని దీన్నే నమ్ముకుని ఎట్లా బతకాలని అడిగాడు. న్యాయమైన మాటే. న్యాయమైన మాట వింటే రామక్కకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పోయేవాడు పోవచ్చు గానీ, పోయినవాడు మళ్లీ తన సెట్టులో డ్రమ్ము కర్ర ముట్టుకోకూడదని నలుగురి ముందూ తెగేసి చెప్పింది. చెప్పిన మాట వెనక్కి తీసుకున్న చరిత్ర ఆవిడకు లేదు. అందుకే ఈ కచేరీ. మనుషులు తమ వైపు తిరిగి కూర్చుని వింటుంటే ఒక్కసారి చూశాడంటే వాడే ఆగిపోతాడని ఆవిడ లెక్క.

అక్కడే తప్పు చేసింది. మీకెలా అలవాటో అలాగే వాయించండి ఆంటీ అని శ్రుతి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వింటేనా! దారెంట వాయించేవాళ్లమని ఎవరూ చులకనగా చూడకూడదని, పెద్ద విద్వాంసుల్లాగా అందరికీ కుర్చీలు వేయించింది. పెద్ద డ్రమ్ముకు స్టాండు కూడా తెప్పించింది. బుద్ధి తెలిసినప్పట్నుంచీ వాయిస్తున్న పాటలకు మళ్లీ ప్రాక్టీసు ఏమిటని అదీ వద్దంది. ముసలి ట్రంపెట్ జయరామప్ప, కూర్చుంటే ఊపిరి సరిగ్గా ఆడదమ్మా అని గొణిగితే, కళ్లతోనే నోరు మూయించింది.

వినాయకుడి పాటతో మొదలుపెట్టారు. మొదటి చరణం దాటేసరికి పాట గాడి తప్పింది. ట్రంపెట్ ముందుకు ఉరికింది, చిన్న డ్రమ్ములు దాని వెంట పడ్డాయి, హరి దెబ్బ అందరికంటే వెనక పడింది. రామక్క క్లారినెట్‌తోనే అందరినీ అదిలించబోయింది. ఎవడికీ పట్టలేదు. పాట ఎలాగో ముగిస్తే కింద మర్యాదకు నాలుగు చప్పట్లు వినిపించాయి. ఒకాయన కుక్కను తీసుకుని లేచిపోయాడు. రెండో పాట ఇంకా ఘోరం. ముందు వరసలో పిల్లలు ఐస్‌క్రీం బండి వైపు చూస్తున్నారు.

రామక్కకు తల కొట్టేసినట్టయింది. హరి వైపు చూడటానికి భయం వేసింది. భయమంటే ఏమిటో ఆవిడకు అంతగా తెలియదు గనక, అది భయమని తెలుసుకోవడానికి కూడా కాసేపు పట్టింది. తీరా చూస్తే వాడు ఆవిడను చూడటం లేదు. తల వంచుకుని, తప్పంతా తనదే అన్నట్టు డ్రమ్మును చూస్తున్నాడు. కుర్చీ కింద వాడి ఎడమ కాలు మాత్రం ముందుకూ వెనక్కూ జరుగుతూ దేనికోసమో వెతుక్కుంటోంది.

ఆ కాలు చూడగానే ఆవిడకు విషయం అర్థమైంది. దారిలో ఎడమ కాలు నేల మీద పడినప్పుడు పెద్ద డ్రమ్ము మోగుతుంది. ముందు నడిచే రామక్క అడుగును చూసి వెనకవాళ్లు అడుగు వేస్తారు. ఆ అడుగే వాళ్ల తాళం. ఏ గురువూ నేర్పలేదు, ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. నడిచేవాళ్లను తీసుకొచ్చి కుర్చీల్లో కట్టిపడేసింది ఎవరయ్యా అంటే, తానే.

ఇంకొకరైతే సిగ్గుతో చచ్చిపోయేవారు. రామక్కకు అంత తీరిక లేదు. లేచి కుర్చీని కాలితో వెనక్కి తోసింది.

"లేయండప్పా. కిందికి దిగండి," అంది. "హరీ, డ్రమ్ము భుజానికేసుకో."

"యాడికక్కా?"

"సుమ్నే, మాట్లాడకుండా నా వెనక నడువు."

మైకులన్నీ పైనే ఉన్నాయి ఆంటీ అంటూ శ్రుతి పరుగెత్తుకొచ్చింది. బజారులో లారీల హారన్ల మీద వాయించినవాళ్లకు మైకులెందుకని రామక్క ఆమె బుగ్గ తట్టి పక్కకు జరిపింది. మెట్లు దిగి, ఎడమ కాలు ముందుకేసి, పెళ్లికొడుకును దింపేటప్పుడు వాయించే హుషారు పాట ఎత్తుకుంది. రెండో అడుగుకే హరి దెబ్బ వచ్చి పడింది. సరిగ్గా పడాల్సిన చోట పడింది. రామక్కకు ప్రాణం లేచొచ్చింది.

జనం లేచి దారిచ్చారు. సెట్టంతా మంటపం చుట్టూ తిరగసాగింది. చెట్ల కింద పడుకున్నవాళ్లు లేచొచ్చారు. ఐస్‌క్రీం వదిలేసి పిల్లలు వరసలో దూరారు. నిక్కరు వేసుకుని పరుగెత్తుకుంటూ పోతున్న పెద్దమనిషి ఒకడు ఆగి, చెమటలు కారుతుండగా, పెళ్లికొడుకు లేని లోటు తీరుస్తూ సెట్టు ముందర గెంతడం మొదలుపెట్టాడు. జయరామప్ప ట్రంపెట్ ఆకాశానికెత్తి, ఈ మధ్య ఏ పెళ్లిలోనూ వాయించనంత బాగా వాయించాడు. కుక్కాయన తిరిగొచ్చాడు. ఆపుదామంటే జనం ఆపనివ్వలేదు.

చివరికి జనం పలచబడ్డాక, హరి డ్రమ్మును గడ్డి మీద దించి, మొహం తుడుచుకుని ఆవిడ దగ్గరకొచ్చాడు. రామక్క గెలిచానన్న ధీమాతో వాడి నోటి మాట కోసం చూసింది.

"రేపట్నుంచి ఫ్యాక్టరీకి పోతాక్కా," అన్నాడు హరి.

అంత సంతోషంలో నడిచొచ్చి వాడు అనాల్సిన మాట ఇదేనా! రామక్కకు కోపమూ ఏడుపూ కలిసొచ్చాయి. వాడు కదలకుండా నిలబడి ఉన్నాడు.

"పిల్లోళ్ల చదువులుండాయి. పోక తప్పదు," అన్నాడు. తర్వాత డ్రమ్ము వైపు చూస్తూ, భయంభయంగా, "ఆదివారం సెలవే," అన్నాడు.

రామక్క వాడి చేతుల వైపు చూసింది. ఎవరూ మొహమాటపెట్టకుండానే, కూలీ ఊసే ఎత్తకుండానే, వాడు కర్రను రెండు చేతులతో పట్టుకుని అడుగుతున్నాడు. ఆ కర్ర ముట్టుకోవద్దన్న నోరు తనదే.

"ఆ పొద్దు నోటికొచ్చింది అనేస్తి," అంది, చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "అది తప్పు. వచ్చే ఆదివారం పొద్దున్నే రా. నువ్వు లేకుండా నాకు అడుగు పడదప్పా."