పిచ్చి వచ్చింది

వంటింట్లో నుంచి హాలుకు, హాల్లో నుంచి వాకిటికి. ఒకచోట నిలవలేక తిరుగుతా ఉండినాను. "తిలకా, కాస్త కూర్చోవే!" అని అమ్మ మళ్ళీ పళ్ళు కొరికింది. కూర్చున్నాననుకో, అప్పుడేమంటుంది? "ఎందుకే ఉలకవు పలకవు, మాత్ర వేసుకున్నావా?" నవ్వితే మాత్ర. అరిస్తే మాత్ర. మా పాత్రల అంగడిలో ఎవడన్నా వంకర మాట మాట్లాడినా నాకు కోపం రాకూడదు. వస్తే అది నా కోపం కాదంట, జబ్బంట. ఏం న్యాయమో ఇది!

ఆ రోజు మదురైలో మా ఇంట్లో, తమ్ముడు శరవణకుమార్ కూతురికి పేరు పెట్టేది. మా ఇళ్ళల్లో బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్తే. ఆ మేనత్తను నేనే, ఇంకొకతి లేదు. అయినా పొద్దున్నే అమ్మ చల్లగా చెప్పేసింది. "పెద్దమ్మ కూతురు రామక్కాళ్ చెప్తుందిలే. నువ్వు పక్కన నిలబడు. నీ చెయ్యి వణుకుతుంది కదా, కోయంబత్తూరు వాళ్ళు అడిగితే ఏమని చెప్పేది?"

కోయంబత్తూరు వాళ్ళంటే మా మరదలు బృంద పుట్టింటివాళ్ళు, తుడియలూరులో ఉంటారు. వాళ్ళకు నా సంగతి తెలీదు. నేను ఆసుపత్రిలో ఉండిన రోజుల్లో, దిండిగల్ చిన్నమ్మకు ఒంట్లో బాగలేదు, తిలక తోడు పోయింది అని మావాళ్ళు చెప్పినారు. జబ్బు నాది, పేరు చిన్నమ్మది. ఆమె గుండ్రాయి మాదిరి ఉండాది, పాపం.

బిడ్డను నేనింకా ఎత్తుకోనే లేదు. ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే. బిడ్డను ఒళ్ళో పెట్టుకొని నేనే పేరు చెప్పాల.

అందరూ ఉయ్యాల చుట్టూ చేరినారు. ఉయ్యాలకు కట్టే పూలు మాత్రం ఇంకా రాలేదు. మా మదురైలో ఆ జాజిపూలను పిచ్చి అంటారు. అరవంలో అదే పేరు, మేమూ అట్లనే అనేస్తాం. తుడియలూరు వాళ్ళకు ఆ మాట అలవాటు లేదు.

వాకిట్లోంచి తమ్ముడు గట్టిగా కేకేసినాడు. "అమ్మా, పిచ్చి వచ్చింది!"

బృంద వాళ్ళమ్మ జోతిమణి ఉలిక్కిపడి, "ఎవరికి?" అనింది.

ఒక్క నిమిషం ఆగి ఉంటే "పూలు వదినా" అనేసేది మా అమ్మ. పొద్దున్నుంచి అదే భయంతో ఉన్న మనిషి కదా. "అయ్యయ్యో, ఇప్పుడేం లేదు వదినా! తిలకకు బాగైపోయింది, మాత్రలు వేసుకుంటా ఉండాది!" అనేసింది.

తమ్ముడు పూలబుట్టతో గడపలోనే నిలబడిపోయినాడు. నాకు మొదట నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగినాను. జోతిమణి బిడ్డను ఎదకు హత్తుకొని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అడుగు చూసి నాకు ఒళ్ళు మండింది.

"అత్తా," అన్నాను, "నాకు మనసుకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఉండినాను. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటాను, ఆ మాత్రకే చెయ్యి వణికేది. దాచింది వీళ్ళు, నేను కాదు. బిడ్డకు మేనత్తను మాత్రం నేనే."

"పడేస్తివంటే?" అనింది జోతిమణి.

"కింద కూర్చుంటాను. ఒళ్ళో పెట్టండి."

చాప మీద కూర్చున్నాను. ఎవరూ కదల్లేదు. రామక్కాళ్ గోడవైపు చూస్తా ఉండింది.

బృంద లేచి వచ్చి తల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకొనింది. "పట్టుకోండి వదినా," అని నా ఒళ్ళో పెట్టింది. ఆమె చేతులూ వణుకుతా ఉండినాయి, ఆమెకు ఏ మాత్రా లేదు.

వంగి చెవిలో "నివేదితా" అన్నాను. బిడ్డ కెవ్వుమనింది. ఏ బిడ్డ ఏడవదు? అయినా అమ్మ, జోతిమణి, తమ్ముడు, అందరి చేతులూ ఒక్కసారే బిడ్డ మీదికి వచ్చినాయి.

"చేతులు తియ్యండి," అన్నాను. "పేరు మూడుసార్లు చెప్పాల. ఇంకా రెండుసార్లు ఉండాది."