కొక్కెం లేని కాలు

ఆ మ్యూజియంలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. చేపల జాడీల మధ్య కూర్చునేవాడు చేపలాయన. టరాంటులాలను, అంటే అరచేయంత బొచ్చు సాలీళ్లను, వర్గీకరించే ఆమె సాలీళ్లమ్మ. ఇంట్లో ఒక్కర్తే కాబట్టి అక్కడా పిలిచే దిక్కు లేదు. ఆమె అసలు పేరు లాటిన్ తోక తగిలించుకుని, ఒక జాడీలో పసుపెక్కిన స్పిరిట్‌లో ముప్ఫై ఏళ్లుగా మునిగి ఉంది.

ఆ సాలీడుకి ఆమె పేరు పెట్టింది, ఆమెకు ఈ పని నేర్పిన మాస్టారు. ఆమె ఆయన దగ్గర కొత్తగా చేరిన రోజుల్లో కొండల నుంచి ఒక మగ సాలీడు వచ్చింది. పట్టేటప్పుడే దాని కుడి ముందరి కాలు ఊడిపోయింది. ఆ చుట్టుపక్కల దొరికే మగ సాలీళ్లకు ముందరి కాళ్ల మీద, ఆడదాని కోరలను ఆపి పట్టే కొక్కెం ఉంటుంది. దీనికి మిగిలిన ఎడమ ముందరి కాలి మీద అది లేదు. ఏ ఇంట్లోనూ ఇమడదని తేల్చి, మాస్టారు దానికోసం కొత్త ప్రజాతిని ఏర్పరిచారు. ప్రజాతి అంటే సాలీళ్లకు ఇంటిపేరులాంటిది. దానికి ఆమె పేరు పెట్టారు. ఆ ఇంటిపేరు కింద ఉన్నది ఆ ఒక్క సాలీడే.

అది విని ఆమె అక్క పడీ పడీ నవ్వింది. పోయి పోయి పురుక్కి పెట్టారా అంది. అప్పటినుంచి ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా, నీ వంశం క్షేమమేనా అని అడుగుతుంది. ఈమె క్షేమమే అంటుంది. మాస్టారు చనిపోయిన వారం కూడా అలాగే అంది.

ఇప్పుడు అవే కొండల నుంచి కొత్తగా కొన్ని మగ సాలీళ్లు వచ్చాయి. అచ్చు గుద్దినట్టు అదే జాతి. కానీ అన్నిటికీ రెండు కాళ్ల మీదా కొక్కేలున్నాయి. ఆమె పాత జాడీ మూత తీసి, ఆ ఎడమ కాలిని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఉండాల్సినదానికన్నా పొట్టి, సన్నం. ఎప్పుడో తెగిపోయి, కుబుసం విడిచినప్పుడు మళ్లీ మొలిచిన కాలు. అలాంటి కాలికి కొక్కెం రాకపోవడంలో వింతేమీ లేదు. అంటే ఇది ఎప్పటినుంచో ఉన్న పాత ప్రజాతిదే.

ఉన్న కాళ్లన్నీ కొలిచాకే నోరు విప్పమని శిష్యులకు నూరిపోసిన మాస్టారికి ఇది కనపడలేదా? కనపడినా చూడలేదా? తన పేరు పెట్టాలనే తొందరలో చూడకపోయి ఉంటే, తనకోసం ఒక మనిషి పడిన తొందర ఈ జన్మకు అదొక్కటే. ఆ ఆలోచనకు ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెచ్చగా ఉంది. అందుకే దాన్ని వెంటనే వదిలించుకోలేదు.

టీ గ్లాసులతో వచ్చిన చేపలాయన కటకంలోంచి చూసి, విషయం గ్రహించాడు.

"మూత పెట్టేయండి సాలీళ్లమ్మగారూ. ఆ జాడీ అడిగే నాథుడెవరు?"

"ఒకసారి కొట్టేస్తే ఆ పేరు ఇంకే జంతువు ప్రజాతికీ పెట్టకూడదు, తెలుసుగా" అందామె.

"తెలిసే చెబుతున్నా. మీ చేత్తో మీరే ఎందుకు?"

ఆమె మూత పెట్టేసింది. కొత్త సాలీళ్లను పక్కకు జరిపి, వేరే కొండల సాలీళ్లు ముందేసుకుంది. రెండో మధ్యాహ్నం తనను తానే పట్టుకుంది: ముందరి కాలు రాగానే, పొడవు కొలవకుండా తర్వాతి కాలికి పోతోంది. ఒక్క కాలు చూడకూడదనుకుంటే కళ్లు అన్ని కాళ్లనూ దాటేస్తున్నాయి. ఆమెకు భయమేసింది. పేరు లేకపోయినా బతకవచ్చు. ఈ చూపు పోతే ఆ గదిలో ఆమెకు ఏమీ మిగలదు.

ఆ ప్రజాతి పేరు ఇక చెల్లదని శాస్త్ర పత్రికకు రాసి పంపింది. కొత్త చీటీ రాసి జాడీలో వేసింది. పాత చీటీ తీయడం ఆ పనిలో నిషిద్ధం. మాస్టారి వాలు రాతలో ఆమె పేరు అలాగే స్పిరిట్‌లో కదిలి, కొత్త చీటీ వెనక్కి సర్దుకుంది.

ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"ఏమే చిట్టీ, నీ వంశం క్షేమమేనా?"

"పాత కుటుంబంలో కలిసిపోయింది అక్కా. ఇన్నాళ్లూ ఒక్కటే ఉండేదిగా. ఇప్పుడు దానికి పదిమంది తోబుట్టువులు."

"పోనీలే, అదైనా ఓ ఇంటిదైంది" అని అక్క నవ్వింది. అటునుంచి ఎవరో పిలిచారు. వస్తున్నా అంటూ పెట్టేసింది.

ఆమె కిటికీ దగ్గర నిలబడి తన పేరును, లాటిన్ తోక లేకుండా, ఒకసారి పైకి అంది. ఎవరినో పిలిచినట్టు వినిపించింది. పలుకుతారేమోనని కాసేపు ఆగింది.