ఐదో వాటా

నిన్న పెట్టిన లప్పం తెల్లారేసరికి ఆరిపోయింది. రంగులాయన తలకి తువ్వాలు చుట్టుకుని, గరుకు కాగితం తోడల్లుడింటి ముందుగది గోడకి అదిమిపెట్టి, పైనుంచి కిందికి రుద్దుకొస్తున్నాడు. తెల్లటి పొడి కనుబొమల మీదా మీసాల మీదా పడి, యాభై రెండేళ్ళ మనిషిని డెబ్భైయేళ్ళవాణ్ణి చేసేసింది. పక్కగదిలో తోడల్లుడు గురక పెడుతున్నాడు.

అది అలాంటిలాంటి గురక కాదు. కడుపు అడుగునుంచి తీరిగ్గా బయల్దేరి, గొంతులో కాసేపు కూర్చుని, ముక్కులోంచి దర్జాగా బయటికొస్తోంది. పొద్దున్న పదవుతోంది, తలుపులు బార్లా తీసున్నాయి, వీధిలో బండ్ల మోత. అయినా మనిషి కదిలితే ఒట్టు. సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఉద్యోగం కాబట్టి ఆఖరాట వదిలాకే వచ్చి పడుకుంటాడు, నిజమే. కానీ ఆ ఉద్యోగం పదిహేనేళ్ళ నాటిది. ఈ గురక మాత్రం రెండేళ్ళ నుంచే.

రంగులాయనకి కడుపు మండిపోయింది. ఒకడు నిద్రపోతుంటే ఇంకొకడికి కడుపు మండటమేమిటి అంటారేమో. ఈయన కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలిస్తే ఆ మాట అనరు.

అక్కాచెల్లెళ్ళని చేసుకున్న వీళ్ళిద్దరూ ఈ వీధిలో ఎదురెదురు ఇళ్ళలోకి ఒకే రోజున అద్దెకి దిగారు. అద్దె కూడా రెంటికీ ఒకటే. పెద్దవాడివి, ముందు నువ్వే ఎంచుకో అన్నయ్యా అన్నాడు తోడల్లుడు. రంగులాయన ఇల్లు చూడ్డానికెళ్ళి ఏం చూస్తాడు? గోడలు చూశాడు. ఈ ఇంట్లో ముందుగది చెమ్మెక్కి ఉంది, గోటితో గీకితే సున్నం రాలింది. ఎదురింటి గోడలు తట్టి చూస్తే పొడిగా, ఖణీమన్నాయి. ఇంకేముంది, అది నాది అన్నాడు. వాటాలు లెక్కపెట్టాలని ఏ రంగులవాడికి తోస్తుంది?

రెండేళ్ళ కిందట కొత్త చట్టం వచ్చింది. ఐదు వాటాలూ, ఆపైన ఉన్న ఇళ్ళలో అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. కారణం లేకుండా ఖాళీ చెయ్యమనకూడదు. మరమ్మతులు ఓనరే చేయించాలి. అంతకు తక్కువున్న ఇళ్ళకి ఇవేవీ లేవు. రంగులాయనది నాలుగు వాటాల ఇల్లు. తోడల్లుడు ఉన్న ఇంట్లోనూ చెప్పుకోదగ్గవి నాలుగే. ఐదోది మెట్లకింద గది. కాళ్ళు చాపితే తలుపుకి తన్నుకుంటాయి. అందులో గడియారాలు బాగుచేసే ఓ ముసలాయన ఉంటున్నాడు. ఆ గూడు పుణ్యమా అని ఇల్లంతా చట్టం నీడలోకి వచ్చి కూర్చుంది.

అప్పటినుంచీ తోడల్లుడి వాలకమే మారిపోయింది. అంతకుముందు వాడూ నెలాఖరు వస్తే మొహం వేలాడేసుకు తిరిగినవాడే. ఇప్పుడు స్నానాలగదిలో పాటలు. డాక్టరు బీపీ మాత్రల్లో ఒకటి మానెయ్యమన్నాడని కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. చట్టం కాగితాన్ని అట్టకి అంటించి, రంగులాయన ఎప్పుడొచ్చినా కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు. చెమ్మగోడ కూడా ఓనరు చేతే బాగుచేయించాడు.

అక్కడ ఎదురింట్లో రంగులాయనకి తన ఓనరు స్కూటరు వీధి మలుపులో ఉండగానే తెలిసిపోతుంది. ఆ చప్పుడు వింటే చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళదు. నాలుగేళ్ళలో మూడుసార్లు పెంచాడు ఆ మహానుభావుడు. కష్టమైతే వేరే చూసుకోండి అని నవ్వుతూనే అంటాడు. తెల్లవారుజామున మూడింటికి మెలకువొస్తే ఇక అంతే. పైకప్పు చూస్తూ, ఈ వయసులో ఏ ఇంటి గుమ్మం ఎక్కాలో, ఎవరికి దణ్ణం పెట్టాలో అనుకుంటూ తెల్లారగట్టేస్తాడు. పక్కన భార్య కూడా మేలుకునే ఉంటుంది. ఇద్దరూ నిద్ర నటిస్తారు.

మొన్న తోడల్లుడు పిలిచి ముందుగదికి రంగెయ్యమన్నాడు. ఏ రంగన్నా నీ ఇష్టమే, నీకు నచ్చింది వెయ్యన్నాడు. ముప్ఫైయేళ్ళలో రంగులాయన వేసిన అద్దె గదులకి లెక్కలేదు. ఒకళ్ళు ఖాళీ చేసి ఇంకొకళ్ళు దిగేలోపు, ఓనరు చెప్పిన అదే పాలిపోయిన మీగడరంగు. అద్దెకున్నవాడు రంగు ఎంచుకోవడం ఆయన కనలేదు, వినలేదు. ఎంత పొగరు వీడికి అనుకున్నాడు. చూస్తే కళ్ళు తిరిగే రంగేదైనా కొట్టేద్దామనిపించింది కూడా. కానీ కొట్లో నిలబడేసరికి చెయ్యి మాట వినలేదు. లేత ఆకుపచ్చ తీసుకున్నాడు. ఎప్పటికైనా తన ఇల్లంటూ ఉంటే వేసుకుందామనుకున్న రంగు అది.

మధ్యాహ్నం మొదటి చుట్టు రంగు వెయ్యడం అయ్యేసరికి తోడల్లుడు లేచి, ఆటవేళైందని డ్యూటీకి వెళ్ళిపోయాడు. మరదలు బజారుకెళ్ళింది. రంగులాయన ఒక్కడే గదిమధ్య నిలబడి చూసుకున్నాడు. ఎంత బాగా కుదిరిందో! అదీ వీడికే. కళ్ళు చెమర్చాయి. రంగు వాసనకని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

అప్పుడే ఆ ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చట్టం వచ్చినప్పటినుంచీ ఈ వాటాని చూసి పళ్ళు నూరుకుంటున్న మనిషి.

"గదికి ఇప్పుడు రంగెందుకు? ఎవరన్నా దిగుతున్నారా?"

చట్టంలో ఒక మెలిక ఉంది. అద్దె కాగితంలో పేర్లున్న కుటుంబం తప్ప ఇంకెవర్నైనా తెచ్చిపెట్టుకుంటే రక్షణ పోతుంది, ఓనరు ఖాళీ చేయించవచ్చు. తోడల్లుడు అది కూడా ఎన్నోసార్లు చదివి వినిపించాడు. రంగులాయనకి కంఠతా వచ్చు.

తెలియదంటే సరిపోయేది. తెలియదు కూడా.

"ఏమో సార్. ఎవర్నో పెట్టుకుంటున్నట్టున్నాడు."

ఓనరు మొహం విప్పారింది. పెట్టుకోనీ, ఒకటో తారీకు వచ్చి చూస్తానని దిగిపోయాడు. రంగులాయన ఓ క్షణం చల్లబడ్డాడు. దాహం తీరినట్టయింది. తరవాత మళ్ళీ రోలరు అందుకున్నాడు. నోరు జారింది అనుకోవడానికి లేదు, జారలేదు. కావాలనే అన్నాడు. చీకటి పడేలోగా రెండో చుట్టు పూర్తిచేసి, తలొంచుకుని వీధి దాటాడు.

ఇంట్లో భార్య సామాను కడుతోంది. చీరలు మూటగట్టి, గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. తమ ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమని పదిరోజుల కిందటే చెప్పాడట.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఆ ఉన్న గంట నిద్ర కూడా పోతుందని." ఆవిడ తలెత్తకుండానే అంది. "కంగారేం లేదులెండి. చెల్లీ, మరిదీ ముందుగది మనకిస్తున్నారు. వాళ్ళ ఓనరు చెవిన పడనివ్వనన్నాడు మరిది. ముందే చెబితే మీరు ఒప్పుకోరని, పని అయ్యేదాకా చెప్పొద్దన్నాడు. అన్నయ్య ఉండే గది, అన్నయ్యకి నచ్చిన రంగే వేసుకోనీ అన్నాడు."

రంగులాయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఖణీమనే గోడ. ఆవిడ సంతోషం పట్టలేకపోయాడనుకుంది.

ఆ ఓనరుతో తనన్న మాట ఆ రాత్రి ఆయన చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఊరవతల కొత్త కాలనీలో పని దొరికిందనీ, గది కూడా వాళ్ళే ఇస్తున్నారనీ అబద్ధమాడాడు. పని నిజమే, గది అబద్ధం. సిమెంటు బస్తాల పక్కన పడక. భార్య మూడురోజులు మాట్లాడలేదు. తోడల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నా మీద కోపమా అన్నయ్యా?"

"నీ మీద కోపమెందుకుంటుంది తమ్ముడూ," అన్నాడు. ఆ మాట మటుకు నిజం. ఇన్నాళ్ళలో వాడి మీద ఈర్ష్య లేకుండా మాట్లాడటం అదే మొదలు.

నెలాఖరున ట్రాలీ ఆటోలో సామాను వెళ్ళిపోయింది. ఒకటో తారీకు పొద్దున్నే తోడల్లుడి ఓనరు వచ్చి, ముందుగది తలుపు తోసి చూశాడు. ఎవరూ లేరు. ఎందుకొచ్చాడో తోడల్లుడికి అర్థం కాలేదు. ఓనరు నాలుగు మూలలూ వెతికి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. లేత ఆకుపచ్చ గోడ వారగా నేలమీద తోడల్లుడు కొనితెచ్చిన కొత్త తలగడలు రెండు, కవరు విప్పకుండా అలాగే ఉన్నాయి.