సొంత వాక్యాలు

“ఖాళీగానే ఉన్నావుగా, ఆ చొక్కాకి గుండీ కుట్టిపెట్టు” అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఒక చేత్తో పాలగిన్నె దించుతున్నాను, రెండో చేతిలో పాప తల దువ్వుతున్న దువ్వెన ఉంది. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను ఖాళీగానే ఉన్నాను. ఖాళీగా ఉంటూనే నలుగురికి వండి, అంట్లు తోమి, అత్తయ్య మోకాళ్ళకి మందు రాసి, పదింటికల్లా మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడతాను. అక్కడికొచ్చేవాళ్ళు నన్ను చూసి, “లోపల మగవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?” అని అడుగుతారు. ఎవరూ ఉండరు. డాక్టరు గీసిన గీతల్లోంచి మందు పేరు నేనే చదివి, నేనే తీసిస్తాను.

షాపు యజమానురాలిని అక్కా అని పిలుస్తాను. షాపు పైనే, మేడమీద గదిలో ఒక్కతే ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఆవిడ నా చేతిలో ఒక నవల పెట్టింది. “భయమేస్తుంది. కానీ వదలబుద్ధి కాదు, చదువు” అంది. రాబోయే కాలంలో ఒక దేశం కథ అది. ప్రతి ఇంట్లోనూ ప్రభుత్వం ఒక మనిషిని నియమిస్తుంది. మిగతావాళ్ళు ఏం తిన్నారు, ఎవరితో ఎంతసేపు మాట్లాడారు, ఎందుకు నవ్వారు, అన్నీ ఆ మనిషి రాసి పైకి పంపాలి. ఆ నవలలో ఎవరూ ఎవర్నీ కొట్టరు. నన్ను భయపెట్టింది అదే. మా ఇంట్లోనూ నన్నెవరూ కొట్టలేదు. ఫోన్ చేసి ఏడ్చినప్పుడల్లా మా అమ్మ ఒకటే అడిగేది, “చెయ్యి చేసుకున్నాడా?” అని. లేదనేదాన్ని. “మరింకేంటే నీ బాధ?” అనేది. ఇంకేంటో చెప్పడానికి నా దగ్గర మాట ఉండేది కాదు.

ఆ మాటలన్నీ నవల నిండా ఉన్నాయి. పదో తరగతితో చదువాపేసిన దాన్ని. కొన్ని మాటలు పేపర్లో కనబడితే దాటేసేదాన్ని, అవి పెద్ద పెద్ద వాళ్ళ గొడవలనుకుని. ఇప్పుడు పాప పాత నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో ఆ మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. బళ్ళో మా తెలుగు మాస్టారు అర్థం రాస్తే సగం మార్కులే ఇచ్చేవారు. సొంత వాక్యంలో వాడితేనే మాట నీదవుతుందనేవారు. అందుకని వాక్యాలు కూడా రాశాను.

పాపకి అది పెద్ద వింతైపోయింది. ఒక రాత్రి అందరం భోజనాలకి కూర్చోగానే ఆ నోటుబుక్కు తెచ్చి, “నాన్నా, అమ్మ కూడా హోంవర్క్ చేస్తోంది!” అని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తింటూనే ఎడమచేత్తో పేజీ తిప్పారు. నవ్వుమొహంతో, వార్తలు చదివినట్టు పైకి చదివారు.

“నిఘా. నా స్నానం మీద కూడా మా ఇంట్లో నిఘా ఉంది. నివేదిక. ఆయన చెప్పులు విప్పకముందే అత్తయ్య నివేదిక అందుతుంది.”

“నివేదికంటే ఏంట్రా?” అంది అత్తయ్య.

“చాడీలమ్మా.”

“నేను చాడీలు చెప్పానా!” అత్తయ్య కంచం పక్కకి నెట్టి కళ్ళు తుడుచుకుంది.

“విధేయత. ఆయన దగ్గితే మంచినీళ్ళతో పరిగెడతాను. అది ప్రేమనుకున్నాను, విధేయతట.” ఆయన నావైపు చూశారు. “బాగా రాశావే. నిర్బంధం... దీనికి వాక్యం లేదేం?”

లేదు. వారం రోజులు ప్రయత్నించాను. ఏ వాక్యం మొదలుపెట్టినా సగంలోనే కొట్టేసేదాన్ని.

“నీకేం తక్కువ చేశాను? ఉద్యోగం చేస్తానంటే కాదన్నానా? పుట్టింటికెళ్తానంటే పంపలేదా?” అన్నారు. ఎప్పుడూ ఒక మెట్టు కూడా పైకెక్కని గొంతు. అరిస్తే తిరిగి అరవొచ్చు. ఈ గొంతు ముందు ప్రతిసారీ తప్పు నాదేనని ఒప్పేసుకుని, ఆ తర్వాత గిన్నెలు తోముతూ ఏ తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని. రాసుకున్నప్పుడు నిజంలా ఉన్న నా వాక్యాలు ఆయన నోట వింటుంటే విశ్వాసం లేని మనిషి రాతల్లా అనిపించాయి. క్షమించమనే మాట నోటిదాకా వచ్చేసింది.

“అమ్మకి అక్షరదోషాలు లేవు కదా నాన్నా?” అంది పాప బిక్కమొహంతో. ఆయన చూసిన చూపుకి వెంటనే చేతులు కట్టుకుంది. “నేనైతే నిన్నడక్కుండా ఏమీ రాయను నాన్నా. ఒట్టు.”

దానికి తొమ్మిదేళ్ళు. ఎవరూ అడగకుండానే మాటిచ్చేసింది.

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, నా ఫోన్లో అక్క నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి కంచాల మధ్య ఉంచారు. “రేపట్నుంచి రానని చెప్పు. కాస్త నవ్వుతూ చెప్పు. లేకపోతే నేనేదో బలవంతం చేశాననుకుంటారు.”

“ఆఁ, చెప్పమ్మా” అంది అక్క గొంతు.

నాకు నవ్వు రాలేదు. పాప చేతుల కట్టు విప్పి దగ్గరికి లాక్కున్నాను.

“అక్కా, మీ మేడమీద గదిలో మాకు చోటుంటుందా?” అన్నాను. “రేపు కాదు. ఇప్పుడే వస్తున్నాం, ఇద్దరం.”