రెండు వేళ్ళ ఖాళీ

కాయితం అంటించడానికి మేనేజరుకి ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు. డ్రైవర్లంతా నీళ్ళు తాగే కుళాయి పైన, సరిగ్గా కళ్ళకు ఎదురుగా అంటించాడు. "నాలుగో నంబరు వ్యాను డ్రైవరు క్లచ్ పెడల్ మీద ఎప్పుడూ కాలు ఆనించి నడపడం వల్ల క్లచ్ బేరింగు రెండు నెలల్లో రెండోసారి పాడైంది. సోమవారం నుంచి ఆమెను డ్రైవింగు నుంచి తప్పించి, అదే వ్యానులో తలుపు తీసి వేసే పనికి మార్చడమైనది." కింద మేనేజరు సంతకం, దాని పక్కనే షెడ్డు మేస్త్రి సంతకం.

నాలుగో నంబరు డ్రైవరమ్మ శుక్రవారం మధ్యాహ్నం గ్లాసు చేత్తో పట్టుకుని అది చదివింది. నీళ్ళు తాగకుండానే గ్లాసు బోర్లించింది. ఆరేళ్ళుగా బడిపిల్లల్ని తిప్పుతోంది. వ్యాను మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఆ కంపెనీలో ఏడు వ్యాన్లుంటే స్టీరింగు పట్టిన ఆడమనిషి తనొక్కతే. తలుపు తీసే పని తక్కువదని కాదు ఆమె బాధ. చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని, తన సీట్లో ఇంకొకరు కూర్చుని ఉండగా, రోజూ అదే పిల్లల ముందు ఎక్కి దిగాలి. ఆ మాట తల్చుకుంటేనే తల కొట్టేసినట్టయింది.

తిన్నగా షెడ్డుకి నడిచింది. మేస్త్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని చెవుల మేస్త్రి అంటారు. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడని పేరు. ఆ పేరొచ్చిన దగ్గర్నుంచీ ఆయన కుర్చీ దిగడం తగ్గించేశాడు. పడుకుని బండి కిందకి దూరేది మిగతావాళ్ళు. ఆయన వినడం వరకే.

"మేస్త్రీ, నేను క్లచ్ మీద కాలు పెట్టి నడపను," అందామె. "పని లేనప్పుడు నా ఎడమ కాలు నేల మీదే ఉంటుంది."

"అందరూ అదే అంటారమ్మా."

"వచ్చి చూడండి. పెడల్ పక్కన మ్యాట్ నా మడమ కింద అరిగి చిల్లు పడింది. పెడల్ రబ్బరు మీద గీతలు మాత్రం కొత్తదానికున్నట్టే ఉన్నాయి. కాలు ఎక్కడుందో అదే చెబుతుంది కదా."

"మ్యాట్ సంగతి నాకెందుకు. బేరింగు చప్పుడు నాకు తెలీదా? ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కీచుమంటోందంటే అరిగిపోయిందని. అరిగిందంటే కాలు ఆనించారని. ఇందులో గొడవేముంది?"

ఆమె వెళ్ళి వ్యాను స్టార్టు చేసి, న్యూట్రల్లో ఉంచి, దిగి వచ్చి నేల మీద నిలబడింది. లోపల ఎవరూ లేరు. వ్యాను కీచుమంటూనే ఉంది.

"ఇప్పుడెవరి కాలుంది దాని మీద?"

"నువ్వు ఇన్నాళ్ళూ పెట్టిన కాలే," అన్నాడు మేస్త్రి నిమ్మకు నీరెత్తినట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. అదే పుండు మీద కారమైంది. నిరుడు ఇదే కుళాయి పైన ఇలాంటి కాయితమే పడింది. అప్పుడు రెండో నంబరు నడిపే పొడుగు డ్రైవరు మీద. ఆయనా కాదు కాదని మొత్తుకున్నాడు. "అంత పొడుగు కాలు పాపం ఇంకెక్కడ పెట్టుకుంటాడు," అని జోకు వేసింది ఈ డ్రైవరమ్మే. అందరూ కడుపుబ్బ నవ్వారు. ఆయన వ్యాను వదిలేసి, ఇప్పుడు బడి గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. రోజూ ఈమె వ్యానుకి గేటు తీసేది ఆయనే.

ఇంటికెళ్ళాక తండ్రితో చెప్పింది. చెప్పడమంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవడం. ముప్ఫై ఏళ్ళు లారీ నడిపి ఆయన చెవులు ఇంజిన్లకే ధారపోశాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి మొహమాటానికి పనిచేస్తుంది. ఆమెకు డ్రైవింగు నేర్పింది ఆయనే. ఎడమ కాలు ఊరికే క్లచ్ మీదికి వెళ్తే మోకాలి మీద ఒక్కటిచ్చేవాడు. ఆ దెబ్బలు ఆమెకు ఇంకా గుర్తే.

కూతురు చెప్పిందంతా వినీ వినక ఆయన ఒక్కటే అడిగాడు. "పెడల్ చేత్తో నొక్కి చూశారా?"

"చేత్తో ఎవరు నొక్కుతారు నాన్నా?"

"తెలుసుకోవాలనుకున్నవాడు నొక్కుతాడు. రేపు పద."

శనివారం బడికి సెలవు. ఏడు వ్యాన్లూ షెడ్డు ముందు వరసగా నిలబడి ఉన్నాయి. ముసలాయన్ని చూసి మేస్త్రి లేవలేదు గానీ, లోపల ఫైళ్ళు చూసుకుంటున్న మేనేజరు మాత్రం బయటికి వచ్చాడు.

"ఏమ్మా, నాన్నగారిని సిఫార్సుకి తెచ్చావా?"

"చూడ్డానికి తెచ్చాను సార్."

"చెవులు వినపడని మనిషి చప్పుడు సంగతి చూస్తాడా?" అన్నాడు మేస్త్రి. ముసలాయనకి అది వినపడలేదు. కూతురికి వినపడింది, ఒళ్ళు మండింది. అయినా పళ్ళ బిగువున ఊరుకుంది.

ముసలాయన నాలుగో నంబరు తలుపు తీసి, నేల మీద మోకాళ్ళూని, క్లచ్ పెడల్ మీద అరచెయ్యి పెట్టాడు. మెల్లగా నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కాడు. పక్కకి తిరిగి కూతుర్ని చెయ్యి పెట్టి చూడమన్నాడు.

"ఏం తెలుస్తోంది?"

"గట్టిగా ఉంది. ముట్టుకోగానే బరువు తగులుతోంది."

"మొదట రెండు వేళ్ళంత ఖాళీ ఉండాలి తల్లీ. ఆ కాస్త దూరం పెడల్ ఊరికే, బరువు లేకుండా కదలాలి. అక్కడిదాకా బేరింగు దేనికీ తగలకుండా విశ్రాంతిగా ఉంటుంది. ఇక్కడ ఆ ఖాళీ ఏదీ? కేబులు లాగి కట్టేశారు. నువ్వు కాలు తీసినా కేబులు తియ్యట్లేదు. ఇంజిన్ తిరిగినంతసేపూ అది రుద్దుకుంటూనే ఉంది."

ఆమె హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అటూ ఇటూ చెక్కదిమ్మలు పెట్టి, స్పానర్లు రెండు తీసుకుని వ్యాను కిందకి దూరింది. చున్నీ మట్టిపాలైంది. కేబులు చివర నట్టు మర పైదాకా ఎక్కించి ఉంది. ఇంజిన్ ఆన్ చెయ్యమని షెడ్డువాళ్ళకి కేకేసింది. కీచు మొదలైంది. నట్టు వదులు చేస్తూ పోయింది. నాలుగో చుట్టు దగ్గర చప్పుడు తగ్గింది. ఆరో చుట్టుకి ఆగిపోయింది.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

ఆమె మళ్ళీ నట్టు బిగించింది. కీచు. వదిలింది. లేదు. పైకి లేచి, మట్టి దులుపుకోకుండా, సీట్లో కూర్చుని కాలితో క్లచ్ నొక్కింది. అప్పుడు మళ్ళీ కీచుమంది. "బేరింగు పోయిన మాట నిజమే," అంది మేనేజరుతో. "మార్చాల్సిందే. కానీ నట్టు ఇలా బిగించి ఎన్ని మార్చినా తొందరగానే పోతాయి. దీన్ని బిగించింది నేను కాదు సార్. నన్ను షెడ్డులో స్పానరు కూడా ముట్టుకోనివ్వరు."

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. "క్లచ్ టైటుగా ఉంటే బండి చురుగ్గా ఉంటుంది. నా చేతికింద వెళ్ళిన ప్రతి బండికీ అలాగే కట్టిస్తాను. ఇరవై ఏళ్ళ అలవాటు."

ఆ మాట అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. డ్రైవరమ్మ అప్పటికే ఐదో నంబరు తలుపు తీసింది. అరచెయ్యి పెట్టి నొక్కింది. ఖాళీ లేదు. ఆరు, ఏడు, మూడు, ఒకటి. ఎక్కడా లేదు. వాటి బేరింగులూ రేపో మాపో పోయేవే. చివరికి రెండో నంబరు దగ్గరికొచ్చి పెడల్ మీద చెయ్యి వేసింది. అదీ అంతే. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నిరుడు తను వేసిన జోకు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

"సరేలేమ్మా, తెలిసింది కదా," అన్నాడు మేనేజరు. "సోమవారం నీ బండి నువ్వే తీసుకో. ఆ కాయితం చింపేస్తాను."

"చింపొద్దు సార్."

"ఇంకేం కావాలి?"

"అది అందరూ చదివారు. దాని పక్కన ఇంకోటి అంటించండి. తప్పు డ్రైవర్లది కాదు, షెడ్డుదని రాయండి. మీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. నాలుగో నంబరుతో పాటు రెండో నంబరు డ్రైవరు సంగతి కూడా రాయండి."

"ఆయన వెళ్ళిపోయి ఏడాదైంది."

"వెళ్ళిపోలేదు. మీరు పంపించారు. పిలవండి."

మేనేజరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇదంతా వినపడని ముసలాయన మాత్రం కూతురి భుజం తట్టి, "చప్పుడు ఆగిందా?" అని అడిగాడు. ఆగిందని ఆమె తల ఊపింది. తనకేమీ వినపడకపోయినా ఆయన తృప్తిగా నవ్వాడు.

సోమవారం కొత్త బేరింగుతో, రెండు వేళ్ళ ఖాళీతో నాలుగో నంబరు రోడ్డెక్కింది. "ఆంటీ, ఇవాళ బండి అరవట్లేదేం?" అని పిల్లలడిగారు. బడి దగ్గర పొడుగు వాచ్‌మన్ గేటు తీసి పక్కకి నిలబడ్డాడు. ఆమె వ్యానుని లోపలికి పోనివ్వకుండా గేటులోనే ఆపి దిగింది. సంతకాలున్న కాయితం నకలు ఆయన చేతిలో పెట్టింది.

"అన్నా, నీ కాలు కాదు. కేబులు. అన్ని బండ్లూ అలాగే బిగించారు. నిన్ను రేపు రమ్మన్నారు." ఆగి, అంది, "ఆ రోజు నేనే నవ్వించాను అందర్నీ. తప్పయిపోయింది."

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "మొదట్లో నేనూ కాదనే అనుకున్నా చెల్లెమ్మా. అందరూ అనేసరికి నాకే నమ్మకం పోయింది. ఏమో, తెలీకుండా పెడుతున్నానేమోనని. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఈ ఎడమ కాలునే చూసుకునేవాణ్ణి."

ఆమె వ్యాను తలుపు బార్లా తీసింది. "చేత్తో నొక్కి చూడన్నా."

ఆయన అంత పొడుగు మనిషీ వంగి, పెడల్ మీద అరచెయ్యి వేశాడు. పెడల్ రెండు వేళ్ళంత దూరం, ఏ బరువూ లేకుండా కదిలింది. వదిలి మళ్ళీ నొక్కాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆయన ఇంకోసారి నొక్కాడు.